కుందేలు పిల్లకు పథ్యం

పొద్దున్నే నేను ఆసుపత్రి తలుపు తీసేసరికి పూలమ్మే ఆవిడ గరిక కట్టలు గడప పక్కన పెట్టి వెళ్ళిపోయి ఉంటుంది. తిరుపతిలో గరికకు కరువేముంది, వినాయకుడికి రోజూ కావాలి కదా. నేను కొనేది మాత్రం నా దగ్గరికి వచ్చే కుందేళ్ళకు. తడిగుడ్డ విప్పి, రెండు పోచలు అరచేతిలో నలిపి వాసన చూడటం నాకు అలవాటు. ఆ పచ్చివాసన ముక్కుకు తగిలిందంటే చాలు, కాంతమ్మ డాక్టరు పక్కన నిలబడి ఉన్నట్టే ఉంటుంది. "ముందు నువ్వు వాసన చూడు నాయనా. పురుగుమందు కొట్టిన గడ్డి పెట్టినామంటే రోగం కాదు, మనమే చంపినట్టు" అనేవారు. ఆవిడను మీలో ఎవరూ చూసి ఉండరు. పుత్తూరు, నగరి చుట్టుపక్కల తప్ప ఆవిడ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. నేను పశువైద్యం చదివి పట్టా పుచ్చుకున్నది తిరుపతిలోనే. డాక్టరునైంది మాత్రం పుత్తూరులో, ఆవిడ ఇంటి వరండాలో.

కాంతమ్మగారు సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక ఇంట్లోనే వైద్యం చేసేవారు. మనిషి పొడవు, గొంతు పెద్దది. కొంగు నడుముకు దోపి వరండాలోకి వచ్చారంటే వీధి చివర ఉన్న కుక్కలు కూడా తెలివి తెచ్చుకునేవి. వరండాలో చక్కటి బల్ల ఒకటి ఉండేది కానీ దాని మీద మందుల డబ్బాలే తప్ప ఏ జంతువునూ పెట్టనిచ్చేవారు కాదు. చిన్న జంతువు వస్తే నేల మీద చాప పరిచి తానూ కింద కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులు కదా మేడమ్, బల్ల మీద చూడొచ్చు కదా అని నేను ఒకసారి అన్నాను. "బల్ల మీద పెడితే దాని భయాన్ని చూస్తాం. కింద కూర్చుంటే దాన్ని చూస్తాం" అని, పైకి లేవడానికి నా భుజం పట్టుకున్నారు. నన్ను తిట్టని రోజంటూ ఉండేది కాదు. మందు సీసాకు మూత పెట్టకపోయినా తిట్టే, అన్నానికి ఆలస్యమైనా తిట్టే. జంతువును తీసుకొచ్చిన మనిషిని మాత్రం, అతను ఎంత తెలివితక్కువ పని చేసి వచ్చినా, ఒక్క మాట అనేవారు కాదు. ఇదేమి న్యాయమని నాకు ఉక్రోషంగా ఉండేది.

ఆ న్యాయం ఏమిటో నాకు ఒక మామిడికాయల కాలంలో తెలిసింది. ఒక రైతు పొట్ట ఉబ్బిపోయిన ఆవును తోలుకొచ్చాడు. కొత్త డాక్టర్ని, నా గొంతులో పోలీసు దర్పం ఉండేది. "ఏం పెట్టినావప్పా దీనికి? నిజం చెప్పు" అని గద్దించాను. "వరిగడ్డే సార్, ఇంకేం పెడతాం" అన్నాడతను, నా కళ్ళలోకి చూడకుండా. కాంతమ్మగారు ఆవు మూతి దగ్గర ముఖం పెట్టి ఊపిరి పీల్చి, తనలో తాను అనుకుంటున్నట్టు, "మామిడి తొక్కల కాలమొస్తే మా ఇంట్లో గొడ్లకు పండగే. మా నాయన ఎంత కాపలా కాసినా ఏదో ఒకటి మితిమీరి తినేది" అన్నారు. రైతు తల గోక్కున్నాడు. "గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు తొక్కలు ఊరికే ఎత్తుకపొమ్మంటే ట్రాక్టరుతో తోలినా డాక్టరమ్మా. కుప్ప దగ్గరే కట్టేసినా. నాదే తప్పు" అన్నాడు. విషయం తెలిశాక వైద్యం ఎంతసేపు? ఆవు తేరుకుంది. అతను వెళ్ళాక నా వంతు వచ్చింది. "నువ్వు అడిగినట్టు అడిగితే నేనైనా అబద్ధమే చెప్తా. ఆయప్పను బోనులో నిలబెట్టినావు. అబద్ధం చెప్పేది ఆయప్ప, చచ్చేది ఆవు!" ఆ తిట్టు నాకు బాగా పట్టింది. అయితే ఆవిడ మంచితనం అంటే అంతేననీ, ఎవరినీ నొప్పించకుండా పని జరుపుకోవడమేననీ అనుకున్నాను. అది సగమేనని మల్లి వచ్చాక తెలిసింది.

మల్లి తెల్లటి కుందేలు పిల్ల, అరచేతిలో పట్టేంత. నగరిలో మరమగ్గం నడుపుకునే శేఖర్ దాన్ని జాతరలో కూతురి కోసం కొన్నాడు. తల్లి పాలు మరవక ముందే అమ్మేసిన పిల్ల అని చూడగానే తెలిసిపోయేది. కూతురికి సరదా త్వరగానే తీరిపోయింది. కుందేలు శేఖర్ తల్లి గౌరమ్మవ్వ ఒడికి చేరింది. ఈ గౌరమ్మవ్వ అల్లాటప్పా మనిషి కాదు. నగరి నేతవీధుల్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది ఆవిడే. ఆవిడ చేతి నీళ్ళు పడితే బిడ్డ కండపడుతుందని అక్కడ నమ్మకం. ఆ మధ్యాహ్నం శేఖర్ చేతిలో బుట్ట, వెనకే అవ్వ. "నిన్నట్నించి ఏమీ తినలేదు మేడమ్. కండ్లల్లో నీళ్ళు కారతానే ఉండాయి. మాయమ్మ మమ్మల్ని కూడా ఇంత ముద్దుగా సాకలేదు" అన్నాడు శేఖర్. అవ్వ బుట్ట వైపు చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు కళ్ళ కింద బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది. ఎడమ రెప్ప అంటుకుపోయింది. కళ్ళకన్నా నన్ను భయపెట్టింది తిండి మానేయడం. కుందేలు ఒక పూట తినకపోవడం మన ఏకాదశి ఉపవాసం లాంటిది కాదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, ఆగితే ప్రాణమే ఆగిపోతుంది. అందులోనూ ఇది పిల్ల. నేను గబగబా కళ్ళ చుక్కల సీసా అందుకున్నాను. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు నాయనా. కన్ను కారితే కన్నే చూస్తావా?" అని కాంతమ్మగారు దాని ముందుకాళ్ళు తిప్పి నాకు చూపించారు. కుందేలు ముక్కు తుడుచుకునేది వాటితోనే, జలుబు చేసి ఉంటే కాళ్ళ లోపలి బొచ్చు జిగటగా ఉండాలి. పొడిగా ఉంది. నోరు తెరిచి లైటు వేశారు. పంటి వేరు పైకి పెరిగితే కన్నీరు ముక్కులోకి దిగే సన్నటి కాలవను నొక్కేస్తుంది, అప్పుడూ కళ్ళు కారతాయి. పళ్ళు బాగానే ఉన్నాయి. కంటి మూల కింద వేలితో మెల్లగా అదిమితే పాలచుక్క లాంటి చీము పైకి వచ్చింది. కాలవ పూడిపోయింది. ఎందుకు పూడింది? ఆవిడ పిల్లను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని వాసన చూశారు. దాన్ని నా వైపు చాపారు. దాని ఒళ్ళంతా సాంబ్రాణి వాసన.

"అవ్వా, దీన్ని ఎట్లా సాకతా ఉండావో చెప్పు. నాకు వినాలని ఉండాది" అన్నారు కాంతమ్మగారు, చాప మీద కాస్త జరిగి అవ్వకు చోటిస్తూ. అవ్వ ముఖం విప్పారింది. "బిడ్డను సాకినట్టే తల్లీ. దినం మార్చి దినం ఒళ్ళంతా నూనె రాసి, గోరెచ్చని నీళ్ళు పోస్తా. తుడిసి, నిప్పుల మీద సాంబ్రాణి ఏసి, దీన్ని పక్కన పెట్టి గంప బోర్లిస్తా. బొచ్చు బాగా ఆరిందాకా తియ్యను. బొరుగులు, పాలల్లో నానేసిన బిస్కత్తు పెడతా. మా వీదిలో యా బిడ్డకైనా ఇట్లనే సేసినా, ఒక్కదానికీ జలుబు రాలా. దీనికే ఏం దిష్టి తగిలిందో, పొగ ఇంకా ఎక్కువేసినా కూడా తగ్గలే" అంది. కుందేలుకు స్నానమే పడదు. పైగా గంప కింద పొగ! కళ్ళు కారేకొద్దీ పొగ పెంచుతూ పోయింది. నేను నోరు తెరవబోయాను. కాంతమ్మగారి చెయ్యి నా మోకాలి మీద పడింది. మెల్లగా పడలేదు.

"మందిస్తాను, దానికి పథ్యం ఉండాది" అన్నారు ఆవిడ. పథ్యం అనగానే అవ్వ సర్దుకుని కూర్చుంది. నీళ్ళు పొయ్యకూడదు. పొగ, నూనె, బొరుగులు, బిస్కత్తు ఏవీ తగలకూడదు. గరిక మాత్రమే, కడుపునిండా. మగ్గాల గదిలో దూది నుసి ఎగురుతుంది కాబట్టి బుట్ట వంటింటి వైపు మార్చాలి. బాలింత చేత కటిక పథ్యం చేయించిన మనిషికి ఇదొక లెక్కా? అన్నిటికీ తల ఊపింది. "ఇంక నీ చెయ్యి కావాల నాకు. పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు ముక్కు నిమురుతావు చూడు, అట్లా నిమరాల. ఈడ కంటి మూల నుంచి ముక్కు దాకా, వేలికొనతో" అని పాత ధోవతి ముక్కను కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి ఇచ్చారు. నా చేతిలో గిలగిల కొట్టుకున్న పిల్ల అవ్వ వేళ్ళ కింద కదలకుండా పడుకుంది. అవ్వ తుడిచింది, నిమిరింది, మళ్ళీ తుడిచింది. చీము కొద్దికొద్దిగా దిగుతూ ఉంటే ఆ ముసలి చెయ్యి ఒక్కసారీ వణకలేదు. నేను పేగులు కదలడానికి మందు ఇచ్చి, గరిక మెత్తగా నూరి సిరంజితో నోట్లో పెట్టాను. సగం మింగింది, సగం నా చొక్కా మీద ఊసింది.

నీళ్ళు తాగే నెపంతో కాంతమ్మగారి వెంట వంటింట్లోకి వెళ్ళాను. "మేడమ్, ఆవిడ పెట్టిన పొగ వల్లేనని చెప్పకపోతే ఎలా? పథ్యం అని చెప్పి తప్పించుకుంటామా?" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "తప్పించుకునేది ఎవరు నాయనా? ఇప్పుడు చెప్తే ఆయమ్మ చెయ్యి ఆడదు. ఆ పిల్లకు ఇప్పుడు నీ మందుకన్నా ఆ చెయ్యి ముఖ్యం. అది తేరుకోనీ. నేనే పోయి చెప్తా" అన్నారు. నేను నమ్మలేదు. జంతువు బాగైపోయాక ఇంటికి పోయి మరీ నీదే తప్పని చెప్పిన డాక్టర్ని నేను అప్పటిదాకా చూడలేదు. మేము వరండాలోకి వచ్చేసరికి అవ్వ అలాగే కూర్చుని ఉంది. ఎండ వాలాక మల్లి నాలుగు గింజల్లాంటి పెంటికలు వేసింది. పెంటికలు చూసి డాక్టర్లు చప్పట్లు కొడతారంటే మీరు నవ్వుతారు, మేము కొట్టాం. తరువాత అవ్వ చేతిలోని గరికపోచ చివరను పట్టుకుని కరకరా లోపలికి లాక్కుంది. "తింటాండాది, తింటాండాది!" అని అవ్వ ఏడ్చేసింది. శేఖర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కొన్ని వారాల తరువాత, మల్లి బాగుందని కబురు వచ్చింది. మరునాడు కాంతమ్మగారు నన్ను వెంటబెట్టుకుని నగరి బస్సెక్కారు. వీధి వీధంతా మగ్గాల మోత. అవ్వ మమ్మల్ని చూసి సంబరపడిపోయింది. పక్కింటి ఆడవాళ్ళను కూడా పిలవబోతే కాంతమ్మగారు వద్దన్నారు. మల్లి ఒళ్ళు చేసింది. కుడికన్ను తేటపడింది. ఎడమకన్ను కింద మాత్రం సన్నటి తడి ఇంకా ఉంది. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, కాంతమ్మగారు ఏ ముసుగూ లేకుండా చెప్పారు. "అవ్వా, నీకు ఒక మాట బాకీ ఉండాను. దీని కండ్లు పాడైంది దిష్టికి కాదు. గంప కింద పొగకి. నువ్వు మంచికే చేసినావు, దానికి పడలేదు."

నాకు ఆ చోటి నుంచి లేచి పారిపోవాలనిపించింది. ఊరంతా మెచ్చుకునే చెయ్యి ఆవిడది. అవ్వ మల్లి వైపు తిరిగింది. "ఈ ఎడంకన్ను ఇంక ఇట్లనే ఉంటాదా?" అని అడిగింది. "ఉండొచ్చు" అన్నారు కాంతమ్మగారు. "ఆ పొద్దే తెలుసునా నీకు?" "తెలుసు." కాంతమ్మగారు చూపు తిప్పుకోలేదు. అవ్వకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చే ఉంటుంది కూడా, దవడలు బిగిశాయి. మల్లిని ఒళ్ళోకి తీసుకుని, ఎడమకంటి తడిని వేలితో తుడిచి, అప్పుడు అంది. "ఆ పొద్దే సెప్పింటే నేను దీన్ని మళ్ళా ముట్టుకునేదాన్నే కాదు తల్లీ. ఇది సచ్చిపోయుండేది." కాంతమ్మగారు అవ్వ చెయ్యి పట్టుకున్నారు. మేము వచ్చేటప్పుడు అవ్వ గడప దాకా వచ్చి సాగనంపింది. తరువాత ఎప్పుడో పుత్తూరులో కనిపించినప్పుడు శేఖర్ చెప్పాడు, మాయమ్మ ఇప్పుడు పసిబిడ్డలకు నీళ్ళు పోసినాక కూడా గంప బోర్లించడం లేదు, ఎవరైనా అడిగితే మల్లి కన్ను చూపిస్తాది అని.

కాంతమ్మగారు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ దగ్గర నేర్చుకున్న వైద్యంలో కొంత పాతబడింది, మందులు మారాయి. మారనిది ఒకటుంది. ప్రేమతోనే జంతువుకు కీడు చేసి తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే, నిజం నా నాలుక చివరికి వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, ముందు ఆ మనిషి చేతుల వైపు చూస్తాను, వాటికి ఏ పని అప్పగించగలనా అని. ఈ సగం నాకు బాగానే పట్టుబడింది. రెండో సగమే కష్టం. జంతువు కోలుకుంటుంది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు, నాకు దండాలు పెడతారు, ఇక ఎవరూ ఏమీ అడగరు. అప్పుడు వాళ్ళ గడప ఎక్కి ఆ మాట చెప్పాలి. ప్రతిసారీ వద్దులే అనిపిస్తుంది. ప్రతిసారీ వెళతాను. చెప్పేటప్పుడు ఆవిడలా చూపు తిప్పుకోకుండా ఉండటం మాత్రం నాకింకా చేతకావడం లేదు.