బావను కొట్టిన ప్రస్తారం

అక్షరానికి రూపమూ అంకెకు విలువా ప్రసాదించిన వాణికి మ్రొక్కి, విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ దశమినాడు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ ఉదయం ఎలమంచిలి స్టేషనులో రైలుకై కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దమనిషి సెల్‌ఫోనులో కత్తియుద్ధపు ఆట ఆడుతూ ఒక మీట నొక్కినాడు. ఆ యంత్రమే లెక్కగట్టి అతని యోధునికి మేలైన ఆయుధాలు తొడిగింది. చూస్తుండగానే పద్దెనిమిదేళ్ల నాటి మంట నాలో మళ్లీ రాజుకున్నది.

నేను తెలుగు పండితునిగా పదవీ విరమణ చేసిన కొత్తలో, ఉక్కునగరంలో షిఫ్టు ఉద్యోగం చేసే నా ఈడువాడు, మా మేనత్త కొడుకు, కంచరపాలెంలోని నెట్ సెంటరుకు తీసికొనిపోయి నాకు అటువంటి ఆన్‌లైన్ ఆట నేర్పినాడు. నేర్పి, ప్రతి ఆదివారం నా యోధుణ్ణి మట్టి కరిపించేవాడు. అంతవరకు సహించినాను. కాని మా ఇంట వ్రతంనాడు, పంక్తిలో కూర్చున్న బంధువులందరి నడుమ, "ఏటి పంతులుబావా, నీ గురువులూ లఘువులూ మూటగట్టి ఇసిరితే దోమైనా సస్తాదేటి?" అన్నాడు. అందరూ నవ్వినారు. వడ్డిస్తున్న నా భార్య కూడా నవ్వింది. ముప్పదియేళ్లు నాకు అన్నం పెట్టిన విద్య అది.

ఆ ఆటలో శిరస్త్రాణం మొదలు పాదరక్షల వరకు ఆరు స్థానాలు. ప్రతి స్థానానికి బరువైన తొడుగొకటి, తేలికైనదొకటి. బరువైనది దెబ్బకు బలమిస్తుంది, తేలికైనది వేగమిస్తుంది. శత్రువుకు కలిగే నష్టం ఆ రెంటి గుణకారం. బావ ఆరింటా బరువే తొడిగేవాడు. నేను బరువుకు గురువనీ తేలికకు లఘువనీ గుర్తుపెట్టి, ఆరక్షరాల పాదానికి ప్రస్తారం వేసినట్లే అరువదినాలుగు కూర్పులూ వరుసగా వ్రాసి, అన్నిటినీ గుణించినాను. మూడు గురువులు, మూడు లఘువులు మేలని తేలింది. ఆ కూర్పుతో పోయి, ఓడినాను.

"లెక్క తప్పినావా బావా? బెత్తం తెచ్చీమంటావా?" అన్నాడు.

ప్రతి దెబ్బలోనూ ఎదుటివాని కవచం కొంత బలాన్ని మింగివేస్తుందని నేను గమనించలేదు. ఆ మింగుడు తీసివేసి, పదకొండు పగళ్లు కూర్చుని అరువదినాలుగూ మళ్లీ గుణిస్తే, నాలుగు గురువులు, రెండు లఘువుల కూర్పు పైకి వచ్చింది. అప్పుడు పందెం కట్టినాను: ఓడినవాడు తన యోధుణ్ణి తన చేతితోనే శాశ్వతంగా చెరిపివేయాలి. బావ పకపకా నవ్వి ఒప్పుకున్నాడు.

అతని ఖడ్గం ఒకసారి లేచేలోగా నాది మూడుసార్లు దిగింది. బావ యోధుడు కూలినాడు.

"పరువు తీసినావు, సాలు బావా. రెండేళ్లు పెంచుకున్నాను దీన్ని. సెరపమనకు" అన్నాడు, మెల్లగా.

నేను, కూర్చుని చెరపమన్నట్లు, కుర్చీ అతని వైపు జరిపినాను.

పశ్చాత్తాపమున్నదా అని నా తరంవారు అడుగుదురేమో. లేదు. నేటి మీట గెలిపించగలదు గాని, పగవాని తొడుగులు ఒక్కొక్కటే తలచుకొంటూ గడిపిన ఆ పగళ్ల రుచి చూపలేదు. ఒక మనిషిని అంత శ్రద్ధగా తలచుకొనే పని ఇప్పుడెవరికీ లేకపోయింది.

సర్వజిత్తు నామ సంవత్సర మాఘ బహుళ తదియనాడు మా బావ తన యోధుణ్ణి చెరిపివేసినాడు. అటుపై ఆరు ఆదివారాలు నేను నెట్ సెంటరుకు పోయినాను, అతడు రాలేదు. ఏడవ వారం నేనూ మానినాను.