మా ఊరిని అఆల వరుసలో పెట్టిన సారు

మా పక్కింటి లెక్చరరు సారు పోయారని ఉదయం పాలు పోసే ఆమె చెప్పింది. కాసేపటికి మా తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, సారుకు సంతాపసభ పెడతాండాము. నువ్వు గూడా రా. మాట్లాడొద్దులే, ఊరికే కూచో" అన్నాడు. వెళ్ళి ఊరికే కూర్చున్నాను. అక్కడ మాట్లాడనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ ముసలాయన పాత కక్షలు తీర్చుకుంటున్నాడని మీకు అనిపిస్తే అది నిజమే, చదవండి.

సారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై, గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్ళో స్థిరపడ్డారు. మా వైపు ఊళ్ళకు హెళవాయన వస్తాడు. పంటలు ఇంటికి చేరినాక ఎద్దు మీద పుస్తకాలు వేసుకుని వచ్చి, ఒక్కో ఇంటి ముందు కూర్చుని ఆ ఇంటి వంశం చదువుతాడు. ఎవరికి ఎవరు పుట్టారు, ఏ కరువుకు ఏ ఊరు వదిలి వచ్చారు, అన్నీ ఉంటాయి. చదివినందుకు గింజలు పెడతారు.

నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మా తమ్ముడు ఒక సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షుడై, ఆ పుస్తకాలను స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెడతానన్నాడు. హెళవాయన ఇవ్వనన్నాడు. చివరికి సారు వెళ్ళి అడిగారు.

"అందరికీ కనపడతాదా సామీ? గింజలు పెట్టలేనోళ్ళకు గూడా?"

"అందరికీ. ఇది నా మాట" అన్నారు సారు. ఆ ఒక్క మాట మీద పుస్తకాలు చేతికొచ్చాయి.

స్కానింగ్ అయింది, ప్రారంభోత్సవం అయింది, సంఘంవాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. చూడబోతే ఏమీ కనపడదు. రాయదుర్గంలో నెట్ సెంటరుకు వెళ్తే ఒక్కో పేజీ పైనుంచి గీత గీతగా దిగేది, సగం దిగేలోపు కరెంటు పోయేది. కొన్ని పేజీలు అడ్డంగా పడుకుని ఉండేవి. వాటిని జనం మెడలు వాల్చి చదివేవాళ్ళు. పైగా ఆ రాత సగం కన్నడం, సగం తెలుగు.

దాన్ని సారు నెత్తిన వేసుకున్నారు. పేజీలు తొందరగా తెరుచుకునేలా చిన్న ముక్కలు చేశారు, అడ్డంగా ఉన్నవాటిని నిలబెట్టారు, ప్రతి పేజీ బొమ్మ కింద అందులో ఏముందో తెలుగులో టైపు చేశారు. ఊరి పేరు నొక్కితే ఇంటిపేర్లు, ఇంటిపేరు నొక్కితే మనుషులు. టైపు చేస్తూ తప్పు పడితే కంప్యూటరుకు సారీ చెప్పడం ఆయన అలవాటు. మేమంతా అమ్మా అని పిలిచే వాళ్ళావిడ, "ఆ పెట్టెకు చెప్పే సారీల్లో ఒకటి నాకూ చెప్పండి, సంగటి చల్లారిపోయింది" అనేది.

"ఇంత కష్టం ఎందుకు సార్? కావలసినవాడు వచ్చి మిమ్మల్ని అడిగితే చెప్తారు గదా" అన్నాను ఒకసారి.

"వచ్చినోడు యాడుందో నన్ను అడక్కూడదప్పా. అడిగినాడంటే నా పని సగమే అయినట్టు."

కుందుర్పి వైపు నుంచి శనక్కాయ కూలికి వచ్చిన ఒకామె ఆ నెట్ సెంటరులో తన తాత పేరు చదివించుకుంది. "మా తాత ఈడుండాడే!" అని తెరను తాకి కళ్ళకద్దుకుంది. తాకొద్దని సెంటరు ఆయన కసిరితే, "నీకేమన్నా తాతనా ఏమి, నాకు తాత" అంది. సారు ఆ మాట తలచుకుని చాలా రోజులు నవ్వారు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, హెళవాయన ఊళ్ళోకి వస్తే మొదటి ఆకువక్క పెద్దింట్లో తీసుకోవాలి, చదువు అక్కడే మొదలుపెట్టాలి. మా ఊళ్ళో పెద్దిల్లు మాది, హంపన్నగారిల్లు. సారు ఇళ్ళను అఆల వరుసలో పెట్టారు. మొదట అంకాలప్ప ఇల్లు వచ్చింది. తరతరాలుగా మా పొలాల్లో చాకిరీ చేసినవాళ్ళు వాళ్ళు. మాది అట్టడుగున పడింది.

మా తమ్ముడు సారు అరుగు మీదికి వచ్చాడు. "ఏం సార్, మా జీతగాళ్ళ కింద మా పేరా?"

"కింద కాదప్పా, తర్వాత."

"హెళవాయన గూడా మొదట మా ఇంటికే కదా వచ్చేది!"

"ఆయనకు ఊరు తెలుసు. కంప్యూటర్ ముందర కూచునేవానికి అఆలు మాత్రమే తెలుసు."

తమ్ముడు నవ్వేశాడు. "సరే సార్, మీరు చేసిన దాన్ని నేను ముట్టుకోను" అని చేతిలో చెయ్యి వేశాడు. నేను పక్కనే ఉన్నాను. నేను చాలా చరిత్రలు చదివాను. వంశం రాయించుకున్న రాజులు సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో మొదలుపెట్టించారు. మావాడు అంత దూరం పోలేదు, అంకాలప్పను దాటితే చాలనుకున్నాడు.

మరుసటి వారమే సంఘం మీటింగు పెట్టాడు. పేజీలకు పాస్‌వర్డు పెట్టాలి, సభ్యులే చూడాలి అన్నాడు. చేతులెత్తినవాళ్ళను నేను ఒక్కొక్కరినీ చూశాను. సారు పక్కన కూర్చుని తాతల పేర్లు వెతికించుకున్నవాళ్ళు, అమ్మ చేతి కాఫీ తాగినవాళ్ళు. ఎత్తనిది నేనొక్కణ్ణే. సారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆ ఏడు హెళవాయన వచ్చినప్పుడు సారు ఆయన్ను రాయదుర్గం తీసుకెళ్ళి విషయం చెప్పారు. తెర మీద పాస్‌వర్డు అడిగే డబ్బా ఉంది.

"నా పుస్తకం నాకే కనపడదా సామీ?"

సారు ఆయన్ను తోడుకుని మెట్లు దిగారు. ఆ తర్వాత సారు మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

సంతాపసభలో మా తమ్ముడు సారు ఫోటోకు దండ వేసి, "మన వంశాలను లోకానికి తెరిచి చూపించిన మహానుభావుడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. పాస్‌వర్డు అప్పుడూ ఉంది.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం హెళవాయన వచ్చాడు. ఆకువక్కకు మా ఇంటికి రాలేదు. సారు ఇంటి ముందు నడివీధిలో గోనెపట్ట పరిచి పుస్తకం విప్పాడు.

"యాడ మొదలుపెట్టాల తల్లీ?"

"ఆయన పెట్టిన వరుసలోనే చదువు నాయనా" అంది అమ్మ.

అంకాలప్ప ఇంటి నుంచి గొంతెత్తాడు. ఆ ఇంటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. పక్కవాళ్ళు వచ్చారు, ఎదురింటివాళ్ళు వచ్చారు, వీధి నిండింది. మా తమ్ముడి కారు వచ్చి ఆగింది. హారను కొట్టాడు. ఎవరూ లేవలేదు.

"దిగి కూచోన్నా, మీదింకా రాలేదు" అన్నారెవరో. జనం నవ్వారు.

వాడు దిగాడు, కూర్చోలేదు. అందరి వెనక, ఎండలో, కారు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. హెళవాయన అప్పటికి ఇంకా 'క' దగ్గరే ఉన్నాడు.