పాలిస్టర్ కూళు

మా మరిది జన్మలో ఒకే ఒక్కసారి సొంతంగా ఆలోచించాడు. ఆ ఒక్కసారికే మా అత్త గ్రైండరు పొగ కక్కింది.

అరవదేశంలో సూలూరు పక్కన, మిల్లు పనివాళ్ళ ఇళ్ళ లైనులో ఉండేవాళ్ళం. ఇంటి ముందు తిన్నె, ఆ తిన్నె మీదే అత్త ఇడ్లీల వ్యాపారం. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళూ, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళూ అక్కడే కూర్చుని తిని లేచేవారు. మామ పోయాక ఇద్దరు కొడుకుల్నీ ఆమె ఆ ఇడ్లీల మీదే పెంచింది. కొడుకులు మిల్లులో చేరాక కూడా మానలేదు. “వాళ్ళ జీతం వాళ్ళది, నా పిండి నాది” అనేది. కరెంటు గ్రైండరు మా వీధిలో మొదట కొన్నది ఆమే. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. కొడుకులకు అంత మర్యాద జరగడం నేను చూడలేదు.

మరిదికి మిల్లులో వేస్టు గోడౌను పని. నేల మీద రాలిన దూదినీ తెగిన పోగుల్నీ ఏరి బేళ్ళు కట్టాలి. మిల్లులోకి పాలిస్టర్ వచ్చిన కొత్త రోజులవి. వాడు దాన్ని తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. పత్తి పంచె కట్టుకున్నవాణ్ణి చూస్తే జాలిపడేవాడు. ఎండాకాలంలో పాలిస్టర్ చొక్కా వేసుకుని, వీపంతా చెమటకాయలు లేచి, గోడకు రుద్దుకుంటూ దాని గొప్ప చెప్పేవాడు.

ఒకరోజు మిల్లు చూడటానికి ఎవరో ఇంజినీరు వచ్చాడట. పాలిస్టర్ పోగులతో చినగని కాగితం చేస్తున్నారని చెప్పి, అందరికీ ఒక ముక్క చూపించి, దాన్ని బల్ల మీదే వదిలేసి పోయాడట. మరిది ఆ ముక్కను ఇంటికి తెచ్చాడు. వీధిలో దాన్ని పట్టుకుని లాగి చూడని మగవాడు లేడు. లాగడం, ఓడిపోవడం, మెచ్చుకోవడం. సాయంత్రమంతా అదే పని. అత్త దాన్ని పంటితో కొరికి చూసింది.

“చినగదు, సరే. దీంట్లో పొట్లం కడితే విప్పేదెట్లరా?”

“నీకు తెలీదుమా. మా గోడౌన్లో ఈ పోగు మూటలు మూటలుగా పడి ఉండాది. కూళు చేస్తే సాలు, కాగితమే.”

కూళు. ఆ ఇంజినీరు అరవంలో చెప్పినదాంట్లో మావాడి చెవిలో నిలబడిన మాట ఇదొక్కటే. కాగితం చేసే గుజ్జును అరవంలో కూళు అంటారు. ఇంట్లో మేము తాగే రాగి అంబలి కూడా కూళే. ఇక వాడికి నేర్చుకోవలసింది ఏముంది? రాగి కూళు ఎలా కాస్తారో పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. నానబెట్టాలి, రుబ్బాలి, ఉడకబెట్టాలి. కాగితం కూళు మాత్రం వేరే దారిలో వస్తుందా?

పాలిస్టర్ పోగుతో నిజంగానే గుజ్జు చేస్తారని, దానికి వేరే యంత్రాలూ మందులూ ఉన్నాయని తర్వాత విన్నాను. అత్త గ్రైండరు మాత్రం వాటిల్లో లేదు.

గేటులో అడిగి ఒక గోనె వేస్టు తెచ్చుకున్నాడు. కత్తిపీట మీద ఆకుకూర తరిగినట్టు దాన్ని పొట్టిగా తరిగి, అల్యూమినియం అండాలో నీళ్ళు పోసి నానేశాడు. అది మునగలేదు. కర్రతో అదిమాడు, పైకి వచ్చింది. పళ్ళెం బోర్లించి పైన రాయి పెట్టాడు. మర్నాడు తీసి చూస్తే లోపల పొడిపొడిగా ఉంది.

“ఏమప్పా, నీ రాగులు ఇంగా నాన్లేదా?” అన్నాను.

“లేత సరుకు కాదు వదినా. నిదానంగా నానుతుంది.”

ఆ సోమవారం అత్త అవినాశి గుడికి పోయింది. మా ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నాడు. ఆ మనిషి నిద్రపోతుంటే ఇల్లు ఎత్తుకుపోయినా చాపతో సహా పోతాడు. మరిది సెలవు పెట్టి, నానని ఆ సరుకును గ్రైండరులో వేశాడు.

“వద్దప్పా, అది మీ అమ్మ ప్రాణం” అన్నాను.

“కాగితం వచ్చినాక పది గ్రైండర్లు కొనిస్తాను. నువ్వు పో వదినా, పప్పు మాడుతుంది.”

పప్పు మాడలేదు. గ్రైండరే మూలగడం మొదలుపెట్టింది. పోగులు నలగలేదు, దువ్వెనకు జుట్టు చుట్టుకున్నట్టు రాయి ఇరుసుకు చుట్టుకున్నాయి. వాడు గంజి పోశాడు. వేళ్ళతో లాగాడు. చివరికి దొరికింది దొరికినట్టు ఊడదీసి, అండాలో వేసి ఉడకబెట్టాడు. ఎంత ఉడికినా వేడి నీళ్ళలో పోగులే కనిపించాయి. కోపం వచ్చి ఒక పిడికెడు ఉత్త పెనం మీద వేశాడు. అప్పుడు మాత్రం కరిగింది. ఇల్లంతా కంపు కొట్టి, పెనం మీద గచ్చకాయ రంగులో ఒక ముద్ద గట్టిపడింది. అదే మావాడి కాగితం.

గ్రైండరు కడిగాడు. వాడి కడగడం మీద నమ్మకం లేక నేను మళ్ళీ కడిగాను. సాయంత్రం అత్త రాగానే జరిగినదంతా చెప్పాను. ఆమె కొంగు దోపి మూడోసారి కడిగింది. కానీ తడిసిన రాతి మీద ఆ పోగు కంటికి ఆనదు. తెల్లటి పిండిలో అసలే ఆనదు. ఆమె బియ్యం, మినప్పప్పు వేసి రుబ్బింది. పిండి ఎత్తేవేళకు మోటారులోంచి పొగ వచ్చి గ్రైండరు ఆగిపోయింది. అత్త పిండి గిన్నె మీద మూత పెట్టి పోయి పడుకుంది.

పొద్దున తిన్నె నిండింది. మొదటి వాయి వడ్డించాం. స్పిన్నింగులో పనిచేసే ఒకాయన నోట్లోంచి ఒక పోగును మెల్లగా లాగి, వెలుతురుకు పట్టుకుని చూశాడు.

“పెద్దమ్మా, ఇది ఇడ్లీనా, పోగులు పోగులుగా ఉండే ఇడియాప్పమా?”

నూలు ఎంత సన్నమో కొలిచేవాడిలా పక్కనున్నవాడూ ఒకటి లాగాడు. “కౌంటు ఎంత పెద్దమ్మా? నలభయ్యా, అరవయ్యా?”

“వదలండప్పా, ఎనిమిది గంటలు దీన్నే ఏరినాము. ఇంగ తినను కూడా ఇదేనా?” అన్నాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఇంకొకడు.

నవ్వుతూనే లేచారు. నవ్వుతూనే వీధి చివర ఇంకొకామె పెట్టిన ఇడ్లీ కొట్టుకు పోయారు. మర్నాడు మా తిన్నె మీద ఎవరూ కూర్చోలేదు. అత్త తలుపు పక్కన నిలబడి, తన మనుషులు తల తిప్పుకుని పోతుంటే చూసింది. ఆమె ముఖం అంత చిన్నబోవడం అప్పుడే చూశాను.

మరిది వెనకనుంచి, “మోటారే వీక్ మా” అన్నాడు.

అత్త తిరిగి చూసింది. “కూళు కాచను వచ్చినావే, నీళ్ళు తాగేది ఏది, తాగనిది ఏది అని కూడా తెలీదా నీకు? రారా ఇట్ల.”

పెరట్లో పడి ఉన్న పాత రుబ్బురోలును వాడి చేతనే దొర్లించి, వీధిలోకి కనబడేలా తిన్నె పక్కన పెట్టించింది. ఆ రోజునుంచీ షిఫ్టు దిగి రాగానే వాడికి అక్కడ కూర్చుని పిండి రుబ్బడమే పని. పాలిస్టర్ చొక్కా విప్పి పక్కన పెట్టుకుని రుబ్బేవాడు. మిల్లునుంచి వచ్చేవాళ్ళు ఆగి చూసేవారు. “ఏమ్పా కూళూ, కాగితం ఎప్పుడు వస్తుంది?” అని అడిగేవారు. ఆ పేరు వాడికి అతుక్కుపోయింది.

చూడటానికి ఆగినవాళ్ళు, పిండిలో పోగు లేదని కళ్ళారా చూసినవాళ్ళు, మర్నాడు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. తర్వాత నలుగురైదుగురు. రోట్లో రుబ్బిన ఇడ్లీ రుచే వేరని చెప్పుకున్నారు. కొన్నాళ్ళకు తిన్నె మునుపటికంటే ఎక్కువే నిండింది.

గాంధీపురంలో మోటారు కాయిలు చుట్టేవాడు గ్రైండరును వారంలోనే బాగుచేసి ఇచ్చాడు. అది మరిది షిఫ్టులో ఉన్నప్పుడు ఇంటికి వచ్చింది. అత్త దాన్ని పాత చోటే పెట్టింది. నేల ఎత్తుపల్లంగా ఉంటే, పెనం మీదినుంచి గీకిన ఆ ముద్దను ఒక కాలు కింద పెట్టి, పైన ఒక గోనె కప్పింది.

మరిది ఆ గోనె పక్కనుంచే రోజూ లోపలికీ బయటికీ తిరిగేవాడు. చెమట తుడుచుకున్న తువ్వాలును దానిమీదే ఆరేసేవాడు.

“మోటారు ఇంగా కాలేదామా?” అని అడిగేవాడు.

“సూస్తా ఉండారంట కన్నా. నువ్వు రుబ్బు” అనేది అత్త.

లోకానికి చినగని కాగితం చేసి ఇస్తానన్న మనిషి, ఆ గోనె ఒక్కసారి ఎత్తి చూడలేదు.