తద్దినం నాడు మోగిన ఫ్రిజ్

దయ్యం అన్న మాట ఎవరైనా నా ముందు ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివి, "చూశారా, చివరికి ఆవిడే ఒప్పుకుంది" అనేవాళ్ళు కొందరుంటారని నాకు తెలుసు. నేనేమీ ఒప్పుకోవడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అరవైల మొదట్లో మాట. మా వారు నందిగామలో ప్లీడరు. మా ఇంట్లో మా వారు, మా అత్తగారు, నేను, మా అమ్మాయి ఉష. మామగారు అప్పటికే పోయారు. మా వారికి తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన, కృష్ణ మీద ఆనకట్ట పనుల దగ్గర బంగళా ఖాళీ చేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొరగారి ఫ్రిజ్ మాకు ఇప్పించాడు. తెల్లగా, నా అంత ఎత్తున, బీరువా కన్నా లావుగా ఉండేది. దాన్ని లారీలో నిలబెట్టి తాళ్ళతో కట్టి తెచ్చారు. జగ్గయ్యపేటలో మా ఆడపడుచు కమల వాళ్ళింటి ముందు లారీ ఆపితే, వీధి వీధంతా వచ్చి తడిమి చూశాకే వదిలారట.

దాన్ని బిగించింది మా అన్నయ్య. బెజవాడలో కరెంటు ఆఫీసులో పని చేసేవాడు. వంటింటికి ఆనుకుని ఊరగాయ జాడీలు పెట్టుకునే గది ఒకటి ఉంది, అందులో పెట్టాడు. పైన పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టి, నీళ్ళు ఒక పక్కకి ఒరగకుండా నిలిచేదాకా కాళ్ళ కింద సర్దాడు. లారీలో కుదుపులు తిని వచ్చింది, తేరుకోనివ్వండి, రేపటిదాకా ఎవరూ స్విచ్ ముట్టుకోవద్దన్నాడు.

గోడకు జానెడు ఎడంగా పెట్టడం మా అత్తగారికి నచ్చలేదు. "ఇదేం పెట్టడం నాయనా, నడిచే దారికి అడ్డంగా!" అంది.

"దాని వేడి వెనకనించి పోవాలండీ అత్తయ్యగారూ. గోడకి అంటిస్తే ఉడికిపోతుంది పాపం," అన్నాడు అన్నయ్య.

షాకు కొట్టకుండా నేలలోకి దింపే ఎర్తు తీగకు కావలసిన గొట్టం ఆ రోజు దొరకలేదు. వచ్చే వారం వచ్చి వేస్తాను, రేపటి మాట అటుంచి అందాకా అసలు వాడొద్దని చెప్పి వెళ్ళాడు. మా వారికి ఆగడం చేతకాదు. కోర్టు స్నేహితులకు చల్లటి మజ్జిగ ఇవ్వాలని సరదాపడి మర్నాడే వేశారు. మా అత్తగారు తడి మడిచీరతో వచ్చి తలుపు పిడి పట్టుకుంది. విసిరికొట్టినట్టు వెళ్ళి జాడీల మీద పడింది.

ఇక చూడండి. ఆ దొర భార్య ఆ బంగళాలోనే పోయిందట, ఆవిడ ఆ పెట్టెను వదల్లేదట, అని పక్కింటావిడ కథ అల్లేసింది. మా వీధిలో ఆ దొరను చూసినవాళ్ళే లేరు, భార్యను మాత్రం అందరూ చూసినట్టే చెప్పారు. నిమ్మకాయలు కోసి దిష్టి తీస్తామంటే నేను ఒప్పుకోలేదు. అన్నయ్య వచ్చి పెరట్లో గొయ్యి తీయించి, గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపి ఎర్తు వేశాడు. వేసవిలో ఆ గొట్టం దగ్గర రోజూ నీళ్ళు పోయడం నా పని. ఆ తర్వాత దొరసాని మళ్ళీ ఎవర్నీ ముట్టుకోలేదు. దయ్యాల సంగతి నాకు ఇలాగే తెలుసు కాబట్టే ఆ మాటంటే మండుతుంది.

అన్నయ్య ఇంకో సంగతి నాకు మరీమరీ చెప్పాడు. "తడి చేత్తో ముట్టుకోకు. మంచు గడ్డ కడితే చాకుతో పొడవకు. అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడైనా ఖాళీ చేస్తే తలుపు మూయొద్దు. పుల్ల అడ్డం పెట్టు. ఈ పిడి బయటనించి లాగితేనే వస్తుంది. లోపలినించి ఏనుగు తోసినా రాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది చెల్లాయ్."

నేను ఒక వేపపుల్ల కోసి పురికొసతో ఆ పిడికే కట్టి వేలాడదీశాను.

వైశాఖంలో మామగారి తద్దినం వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను బయట చేరాను. ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు ఎవర్నీ, దేన్నీ తాకకుండా దూరంగా కూర్చోవాలి. పెరట్లో నాకొక చిన్న పాక. ఆ పాక వెనక గోడే జాడీల గది గోడ. వంటకు అత్తగారు ఉంది కాబట్టి తిథి తప్పించక్కర్లేదన్నాడు పురోహితుడు. సాయానికి కమల జగ్గయ్యపేట నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చింది.

మెతుకు తగిలిన గిన్నెలు పెట్టే పెట్టె అంటు కిందే లెక్క అంది మా అత్తగారు. వంటింటి పక్కన అది అలా ఉంటే తద్దినం వంట పనికిరాదట. ముందురోజు సాయంత్రం మా వారు ప్లగ్గు పీకి, తీగ చుట్టి ఫ్రిజ్ పైన పెట్టారు. లోపలి సామానంతా తీసేశారు. అరలు కూడా ఊడదీసి, పసుపు నీళ్ళతో కడిగి, పెరట్లో గోడకు ఆనించారు. పొద్దున్నే మళ్ళీ ఒకసారి లోపలంతా కడిగారు. నేను పాకలోంచే అరిచి చెప్పాను.

"కమలా, తలుపుకి పుల్ల పెట్టడం మర్చిపోకు!"

"సరే వదినా, పెడతాలే."

మధ్యాహ్నం అయింది. భోక్తలు వచ్చి ముందు సావట్లో కూర్చున్నారు. మంత్రాలు వినపడుతున్నాయి. పెరట్లో పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. నేను చాప మీద, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

వీపు వెనక గోడ అదిరింది.

ఆ అదురు నాకు కొత్త కాదు. నెలనెలా మూడు రోజులు ఆ గోడకు ఆనుకునే కూర్చునేదాన్ని. ఫ్రిజ్ మోటారు అందుకోగానే నేల అదిరి, ఆ అదురు గోడలోకి పాకేది. ముందు ఒక కుదుపు, తర్వాత సన్నగా ఘూ అని మోత. ఇదీ అదే. నాకు కోపం నషాళానికి అంటింది. గదంతా కడిగిన తడి, మా అత్తగారు తడి చీరలో తిరుగుతోంది, ఎవడు వేశాడు దీన్ని?

"ఫ్రిజ్ ఎవరేశారు? అత్తయ్య తడిబట్టల్లో ఉంది, తీసేయండి ముందు!" అని గట్టిగా అరిచాను.

కమల వంటింటి గుమ్మంలోకి వచ్చి దూరంగా నిలబడింది. "ఎవరూ వెయ్యలేదు వదినా. ఇందాకే చూసా, ప్లగ్గు పైనే ఉంది. ఎండకి నీకు తల తిరుగుతోంది, కాస్త మంచినీళ్ళు తాగు."

తను లోపలికి వెళ్ళిపోయింది. గోడ మాత్రం అదురుతూనే ఉంది. అరచెయ్యి ఆనించి చూశాను. తెలుస్తోంది. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి, ఎందుకంటే పిల్ల కనపడటం లేదన్న మాట అప్పటికి ఇంకా ఎవరి నోటా రాలేదు.

తర్వాత కాసేపటికి కమల కూతురు ఏడుస్తూ వచ్చింది. ఉష ఎంతకీ దొరకడం లేదంది. అందరికీ ముందు నుయ్యే గుర్తొచ్చింది. మా వారు మంత్రం మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చారు. ఎవరో పాతాళగరిగె తెచ్చి నూతిలోకి దింపారు. చేద పడిపోతే కొక్కేలతో పైకి లాగే ఆ గరిగె, నా బిడ్డ కోసం నీళ్ళలో తిరుగుతుంటే, దాని గొలుసు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. నేను నూతి వైపు రెండడుగులు వేస్తే, "నువ్వు రాకమ్మా, మడి," అన్నారెవరో. నా బిడ్డ నూతిలో ఉందేమో అనుకుంటూ కూడా ఆ మాట అనగలిగారు.

నేను ఆగాను. ఆగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అలా నిలబడి ఉండగా ఎదురుగా గోడకు ఆనించిన అరలు కనిపించాయి, ఎండలో తళతళలాడుతూ. అరలన్నీ బయట ఉన్నాయి. అంటే లోపల మొత్తం ఖాళీ. పిల్ల పట్టేంత ఖాళీ.

"కమలా! పుల్ల పెట్టావా?"

"పెట్టా వదినా... అమ్మ తీసేసింది. మళ్ళీ బల్లి దూరితే మడి పోతుందని తలుపు మూసేసింది."

పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి దూరాను. గారెల పిండి, అప్పాలు, పొయ్యి మీద పాయసం, పితృదేవతల కోసం మడితో వండినదంతా అక్కడే ఉంది. దాని మధ్యలోంచి, నా చీర కుచ్చిళ్ళు గిన్నెలకు తగులుతుండగా, జాడీల గదిలోకి వెళ్ళాను. వెనకాల పురోహితుడు "అమ్మా! అమ్మా! ఆగండమ్మా!" అని కేక పెట్టాడు.

పిడి మీద చెయ్యి వేశాను. పిడి అదురుతోంది. లాగాను. టక్కుమని తలుపు వచ్చింది. ఆ క్షణానే అదురు ఆగింది. తీగ చుట్ట ఫ్రిజ్ పైనే ఉంది, ప్లగ్గు నా కళ్ళ ముందే వేలాడుతోంది.

ఉష మోకాళ్ళ మీద తల పెట్టుకుని ముడుచుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాను. అప్పుడు మా అత్తగారు ఎదురొచ్చింది. మడిచీరలో ఉన్న మనిషి, నన్ను చూసి తప్పుకోకుండా, నా చేతుల్లోంచి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. నన్ను తాకింది, నా చేతులు తాకింది, ఆ ధ్యాసే లేదు ఆవిడకు. పిల్లను రాతి పలక మీద పడుకోబెట్టి, నీళ్ళు చల్లి, చీర కొంగుతో విసిరింది. "నా తల్లే, నా తల్లే, ఊపిరి తీయవే," అని ఏడుస్తోంది. నేను వీపు రుద్దుతున్నాను. మా వారు పాతాళగరిగె తాడు చేత్తోనే పట్టుకుని నిలబడిపోయారు.

పిల్ల దగ్గింది. తర్వాత గొల్లున ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను నా జన్మలో వినలేదు.

వంటంతా మైలపడింది కాబట్టి ఆ పూట తద్దినం పచ్చి సరుకులు దానమిచ్చి కానిచ్చారు. సాయంత్రానికి వీధంతా మా ఇంట్లోనే ఉంది. మామగారే వచ్చి మనవరాల్ని కాపాడారని తేల్చేశారు. ఫ్రిజ్‌కి బొట్టు పెట్టి హారతి ఇవ్వబోయారు. నేను ఆ పళ్ళెం లాక్కున్నాను.

"పిల్లను చంపబోయింది ఆ పిడి, దానికి హారతా? ముందు దాన్ని ఊడబీకండి!" అన్నాను.

అన్నయ్య వచ్చి పిడి ఊడదీశాడు. తలుపుకు లోపలినించి కొద్దిగా తోసినా తెరుచుకునే మామూలు గడియ అమర్చాడు. నేను ఉషను దగ్గర కూర్చోబెట్టుకుని, లోపల తలుపు కొట్టావా అని అడిగాను. దాక్కోవడానికి తనే ఎక్కి తలుపు లాక్కుందట, మొదట్లో తోసిందట, రాకపోతే ఏడ్చిందట, తర్వాత నిద్ర వచ్చిందట. అంతకన్నా ఏమీ గుర్తు లేదంది.

పిల్ల కాళ్ళతో తన్నిన చప్పుడే నువ్వు విన్నావు అన్నాడు అన్నయ్య. సరే, చూద్దామన్నాను. నన్ను పాకలో కూర్చోబెట్టి తను ఫ్రిజ్‌ని లోపలివైపు గుద్దాడు, తన్నాడు. గోడలో ఏమీ తెలియలేదు. ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే వీపుకు అదే కుదుపు, అదే మోత.

"భ్రమ పడ్డావులే చెల్లాయ్," అన్నాడు, నా మొహం చూడకుండా.

అప్పుడు మా అత్తగారు పొయ్యి దగ్గర్నించే అంది. "భ్రమేం కాదు నాయనా. మోగింది. నేనూ విన్నా. ఎవరో వేశారనుకుని ఊరుకున్నా."

ఇన్నేళ్ళలో నేను ఆలోచించని దారి లేదు. ఎదురింటి మిల్లు మోటారు అనుకున్నాను, ఆ రోజు మిల్లు ఆడలేదు. రోడ్డు మీద లారీ అనుకున్నాను, లారీ అంతసేపు ఆగదు. తల్లి మనసు అన్నారు కొందరు. తల్లి మనసు గోడల్ని అదరగొట్టదు. మామగారంటారా, ఆయన్ని నేనెరుగుదును. తద్దినం వంటను మైల చేయమని కోడల్ని పిలిచే మనిషి కాదాయన. నాకు తెలియదు. తెలియదు కాబట్టి దానికి దయ్యమనో పితృదేవత అనో పేరు పెట్టి చేతులు దులుపుకోను.

ఒక్కటి మాత్రం నేను వదలలేదు. ఆ రోజు ఇంటి నిండా మడి కట్టుకున్నవాళ్ళున్నారు. మంత్రాలు తెలిసినవాళ్ళున్నారు. వాళ్ళెవరి చేతా ఆ తలుపు తెరిపించలేదది, ఏదైతేనేం. దేన్నీ తాకకూడదని చాప మీద కూర్చోబెట్టిన నా వీపు వెనకే మోగింది.

మరుసటి నెల నేను బయట చేరినప్పుడు, చూసిపోదామని వచ్చిన కమల అలవాటు కొద్దీ, "వదినా, పాకలో చాప వెయ్యనా?" అంది. అక్కర్లేదన్నాను. మా వారు నా వైపు చూశారు, మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ పిల్లకు అన్నం కలిపి కంచం నా చేతికిచ్చింది. నేను వంటింట్లోనే కూర్చుని ఉషకు పెట్టాను.