రాయకుండా వదిలేసిన మైకు

ఆఫీసులో అందరూ ఆయన్ని చిరునామాల బాబాయి అంటారు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఒకటే పని. కొత్త సర్క్యూట్ బోర్డు తయారై రాగానే, దాని మీద ఏ తీగ ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతుందో ఒక ఫైల్లో రాసిపెట్టడం. ఇంతేనా అంటే ఇంతే. కానీ కంప్యూటరుకు కళ్లుండవు మరి. స్పీకరు ఏ పిన్నుకు అతికించారో, మైకు ఏ దారిన వస్తుందో ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కూర్చున్న కెర్నెల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. సౌండు చిప్పును నడిపే డ్రైవరు ప్రోగ్రాముకు తన చిప్పు గుట్టంతా తెలుసు, ఇరుగుపొరుగు మాత్రం తెలియదు. ఫైల్లో రాసిన దారికి కరెంటు ఇస్తుంది, రాయని దారిని నిద్రపుచ్చుతుంది. పోనీ తప్పు జరిగిందని అరుస్తుందా అంటే, అదీ లేదు. "తప్పు చేస్తే తిట్టేవాడు మంచోడమ్మా, ఇది కిక్కురుమనదు" అని కొత్తగా చేరినవాళ్లకు బాబాయి మొదటిరోజే చెప్పేవాడు.

ఆయనకు ఉన్నదల్లా ఒక్క అక్క. అమ్మ చనిపోయిన ఏడాది నుంచి కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. మిషను చప్పుడు మీద గెలవాలని గట్టిగా మాట్లాడి మాట్లాడి, ఆమెకు గుసగుసలాడటమే చేతకాకుండా పోయింది. రహస్యం చెబితే నాలుగిళ్ల అవతలికి వినబడేది. తమ్ముడు ఏ సందులో ఉన్నా "చిన్నోడా" అన్న ఆ ఒక్క కేకతో ఇంటికొచ్చి పడేవాడు.

అలాంటి గొంతులో కణితి లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి ఢోకా లేదుగానీ మాట ఉండదు అన్నాడు డాక్టరు. ఆపరేషనుకు మూడు వారాల గడువు.

"పోతే పోయింది. నిన్ను తిట్టడానికి నాకు చేతులు లేవా?" అంది అక్క, ఆస్పత్రి మెట్లు దిగుతూ. ఇంటికొచ్చాక మాత్రం, తమ్ముడు చెప్పింది రెండుసార్లు చెప్పించుకుంది. ముందుగా ఆమె గొంతు గంటల తరబడి రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఆమె టైపు చేసిన మాటను ఒక పెట్టె ఆ గొంతుతోనే పలుకుతుంది.

"నా గొంతేనా? వేరే ఎవత్తిదో కాదుగా?"

"నీదే అక్కా."

ఫోన్లో రికార్డు చేస్తే సరిపోతుంది కదా అన్నారు ఆఫీసులో. బాబాయికి పంతం. అక్క గొంతు తను దారులు రాసిన బోర్డు మీదే పడాలి. ఈసారి వచ్చిన బోర్డు మీద మంచి మైకు కొత్తగా అతికించారు కూడా. ఆఫీసులో హెడ్‌సెట్ తగిలించి తన గొంతుతో పరీక్షించుకున్నాడు, గంట కొట్టినట్టు వచ్చింది. తీరా ఇంట్లో అక్క ఆ హెడ్‌సెట్ తీసి అవతల పడేసింది. "నెత్తిమీద ఈ బరువేంట్రా? చెవులు నొప్పి."

"సరే, బోర్డు మీద మైకుందిలే" అన్నాడు. ఎర్ర లైటు వెలిగింది. ఫైలు సైజు పెరుగుతోంది. ఇంకేం కావాలి అనుకున్నాడు.

అక్క ఒక షరతు పెట్టింది. "మధ్యలో వినకు. నువ్వు వింటావంటే నాకు మాట రాదు. అంతా అయ్యాక తీరిగ్గా విను."

పద్దెనిమిది రోజులు ఆమె తలుపేసుకుని మాట్లాడింది. రోజూ సాయంత్రం బాబాయి వచ్చి సైజు చూసుకుని వెళ్లేవాడు. ఒకరోజు తొందరగా వచ్చాడు. లోపల అక్క, ఆయన రాసిచ్చిన వాక్యాలు పక్కన పెట్టేసినట్టుంది, "చిన్నోడా" అని పిలుస్తోంది. ఒకసారి అన్నానికి పిలిచినట్టు. ఒకసారి కోపంగా. ఒకసారి, ఆయన పరీక్ష తప్పిన రోజు పిలిచినట్టు. వినొద్దన్న షరతు బాబాయికి గుర్తొచ్చింది. పెట్టెలో ఉంటుందిగా, తర్వాత వింటాలే అనుకుని, చప్పుడు చేయకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. నాలుగోరోజు ఉదయం ఆయన మొదటి ఫైలు తెరిచాడు. నిశ్శబ్దం. తెర మీద గీత తిన్నగా ఉంది. రెండోదీ అంతే. పద్దెనిమిది రోజులూ అంతే, కనీసం ఫ్యాను చప్పుడు కూడా లేదు, రోజూ పెరిగింది ఖాళీ సైజే. తను రాసిన ఫైలు తీసి చూశాడు. హెడ్‌సెట్ మైకు దారి ఉంది. బోర్డు మైకు దారి లేదు, తర్వాత రాద్దామని వదిలేశాడు. రెండే రెండు వరుసలు. చెయ్యి అలవాటుకొద్దీ వాటిని రాసేసింది. బోర్డు మళ్లీ ఆన్ చేసి బల్ల మీద వేలితో తట్టాడు. ఆ చప్పుడు స్పష్టంగా రికార్డయింది. తల బల్లకేసి కొట్టుకున్నాడు, అదీ రికార్డయింది.

మధ్యాహ్నం ఆస్పత్రిలో అక్క, మెడకు కట్టుతో, దిండుకు ఆనుకుని కూర్చుంది. ఆయన్ని చూడగానే పుస్తకం తీసి రాసింది: నా గొంతు విన్నావా?

దారి పొడుగునా ఎన్నో అబద్ధాలు కూర్చుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. "పడలేదక్కా. మైకు దారి నేనే రాయలేదు. ఒక్క మాట కూడా పడలేదు."

ఆమె పెన్ను కాగితం మీద పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టి రాసింది:

ఆ రోజు తలుపు దగ్గర నీ చెప్పుల చప్పుడు విన్నాను. అందుకే పిలిచాను. పెట్టెకోసం కాదు. చివరిదాకా ఉన్నావా?

"లేదు" అన్నాడు.

ఎన్ని పిలుపులు విన్నావు?

"మూడు."

అక్క పుస్తకం మూసి గోడవైపు తిరిగింది. బాబాయి మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. ఊరుకోరా అని ఎవరూ అనలేదు. కాసేపటికి నర్సు వచ్చి, పేషెంటు పడుకోవాలి, బయట కూర్చోండి అంది.