మధ్యాహ్నం కనిపించని నీలం

మొన్న విజయనగరంలో ఆయుర్వేదం కొట్టుకి వెళ్తే, కొట్టతను విష్ణుక్రాంతం పొడి అని ఒక పొట్లం చేతిలో పెట్టాడు. జ్ఞాపకశక్తికి మంచిదట. విప్పి చూస్తే గోరింటాకు పొడిలా ఉంది. నాకు కోపమే వచ్చింది. విష్ణుక్రాంతం అంటే పువ్వు కదా, శనగగింజంత పువ్వు, తెరిపిచ్చిన ఆకాశం రంగు!

అరవైల చివర, నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో పల్లపు పొలాలు దాటాక మాకొక గులకరాళ్ళ దిబ్బ ఉండేది. గడ్డి కూడా మడమ దాటి ఎదగని నేల. మా నానమ్మ రోజూ పొద్దున్నే గేదెల్ని అక్కడికే తోలుకెళ్ళేది. నాన్నకి పొద్దుటి పనంతా వరిలోనే, దిబ్బవైపు వెళ్తే మధ్యాహ్నం భోజనం అయ్యాకే. ఆ ఏడు వరి దెబ్బతింది, ఇంట్లో తినేవాళ్ళం ఏడుగురం. వానలు వెనకబట్టగానే దిబ్బ దున్ని ఉలవలు చల్లుతానన్నాడు. నానమ్మ వద్దంది. ఎందుకో చెప్పదు. రాళ్ళమీద నీకంత మమకారమేమిటని నాన్న విసుక్కున్నాడు. మాటకి రెండు మాటలు అనే నానమ్మ, ఆరోజు మాత్రం మెల్లిగా అంది.

"రేపు నాగలి కట్టీ ముందు పొద్దున్నొకపాలి సూడరా. సూసినాక నీ ఇష్టం."

మర్నాడు ఎడ్లతో సహా వెళ్ళాం. బడి సెలవు కాబట్టి నేనూ వెంటపడ్డాను. దిబ్బమీద ఏమీ లేదు. నాన్న నావైపు చూసి నవ్వాడు. నానమ్మ చుట్ట వెలిగించి, మావైపు ఆడవాళ్ళ అలవాటుగా నిప్పు నోటి లోపలికి పెట్టుకుని, రాతిమీద కూర్చుంది. కాసేపటికి తూర్పు వాలుకి ఎండ తగిలింది. అక్కడొక నీలి చుక్క. దాని పక్కన ఇంకొకటి. ఎండ ఎంతమేర పాకితే అంతమేరా నీలం పాకుతోంది. చివరికి దిబ్బంతా విష్ణుక్రాంతాలే, కాలు మోపడానికి చోటు లేదు. నాన్న చెప్పులు విడిచేశాడు.

"నలభయ్యేళ్ళొచ్చాయి నాకు. ఇక్కడేటీ లేదనుకున్నానే అమ్మా."

నానమ్మ చుట్ట తీసింది. "నువ్వొచ్చీ యేలకి ముడుసుకుపోతాయిరా."

నాన్న ఎడ్లని ఇంటికి తోలుకొచ్చేశాడు. ఆ ఏడు ఉలవలు చల్లలేదు.

మరుసటి ఏటికి నానమ్మ లేదు. పంటా అంతంతమాత్రమే. నాన్న దిబ్బ దున్నేశాడు. తెల్లవారుతూనే నాగలి కట్టే మనిషి, ఆరోజు ఇంట్లోనే తచ్చాడి, భోంచేసి, మధ్యాహ్నం దాకా ఆగి అప్పుడు కట్టాడు. అప్పటికి దిబ్బమీద పువ్వొక్కటీ కనిపించదు. ఆ ఉలవచారు అందరం తిన్నాం, బాగానే ఉంది.

నాన్నని తప్పుపట్టను. ఇన్నేళ్ళలో నేను వదులుకున్నవీ తక్కువేం కాదు. వాటిలో ఎన్నింటికి నేనూ అలా మధ్యాహ్నం దాకా ఆగానో, తలుచుకోడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు.