పగిలిన పైపులో నీటిమట్టం

మొన్న నస్పూర్‌లో మా పక్కింటివాళ్లు బోరు వేయిస్తుంటే, ఎగజిమ్మిన బూడిదరంగు పొడి మా వాకిలి దాకా వచ్చి పడింది. మా కోడలు విసుక్కుంటూ కిటికీలు మూసింది గానీ, నేను మాత్రం కుర్చీ అక్కడే వేసుకుని, ఆ పొడి ఎప్పుడు తడిబారుతుందా అని సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. అలా చూసినప్పుడల్లా నాకు ఒక రైతు గుర్తుకొస్తాడు.

నాకు ముప్ఫై ఏళ్లు నిండని రోజుల్లో, బెల్లంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో భూమిలోని నీరు ఎంత లోతున ఉందో నెలనెలా కొలిచి రాసే పని నాది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మోటారు లేకుండా, తాళం మూత బిగించి, చేల గట్ల మీద ఊరికే నిలబడి ఉండే పైపులు. నీటిమట్టం చూడటానికే వేసినవి. సైకిలు మీద పోయి, మూత తీసి, టేపు వదిలి, తడిసిన చోట అంకె చూసి రిజిస్టరులో ఎక్కించేవాణ్ని. అలాంటిదొకటి ఒక పత్తి రైతు చెలక గట్టున ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద కనుక ఆయన్ను అన్నా అనేవాణ్ని. ఆ ఊరి చిన్న చర్చికి పోయే కుటుంబం వాళ్లది. నేను వెళ్లినప్పుడల్లా ఆయన భార్య చాయ్ పెట్టి ఇచ్చేది. ఆయన పైపు పక్కన గొంతుక్కూర్చుని, నేను టేపు పైకి లాగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు.

ఒక వానాకాలం, రోడ్డు పనికి వచ్చిన లారీ వెనక్కి తిరుగుతూ ఆ పైపును గుద్దింది. పైకి ఏమీ కనపడకపోయినా నేల లోపల పైపు పగిలి, నల్లమట్టి లోపలికి జారి సగంలో బిగుసుకుపోయింది. వాన నీరు ఆ పూడిక మీద నిలిచింది. ఆ నెల నా టేపు బురదతో పైకి వచ్చింది. అది నేలలోని అసలు నీరు కాదని నాకు అప్పుడే తెలుసు. పైపు చెడిపోయిందని, పక్కన కొత్తది వేయాలని పై అధికారికి కాగితం రాశాను. మంజూరు వచ్చేదాకా కొలిచినదే రాస్తుండమన్నారు. రాస్తూ పోయాను.

ఎండలు ముదిరాక ఆయన బావి ఎండిపోయింది.

"నీళ్లెంత లోతులున్నయ్ సారూ?" అని అడిగాడు.

"నలభై ఐదడుగులన్నా," అన్నాను రిజిస్టరు చూసి.

పై అధికారికి రాసిన మాట ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్లుగా వెతుక్కుంటూనే ఉన్నాను. ఎండకు అలసి ఉన్నాననీ, ఇంకా రెండు ఊళ్లు తిరగాలనీ సర్దిచెప్పుకున్నాను గానీ, నా అంకె తప్పని ఒక రైతు ముందు ఒప్పుకోవడం నాకు నామోషీ అనిపించిందన్నదే నిజం.

"నా బాయి నలభై. ఇంకో పదడుగులు తవ్వితే అందుతయ్ గదా," అన్నాడు, మొహం విప్పారి. నేను తలూపాను.

పదడుగులు తవ్వినా తడి లేదు. ఇంకాస్త, ఇంకాస్త అంటూ దిగాడు. అయిదో రోజు పొద్దున బావి దరి కూలి ఆయన మీద పడింది. చర్చి ముందు శవపెట్టె దించినప్పుడు నేను బయట గోడ పక్కనే నిలబడిపోయాను. లోపల పాట అయిపోయాక సైకిలు తీసుకుని వెళ్లిపోయాను.

ఆ తర్వాతే మంజూరు వచ్చింది. పాత పైపును సిమెంటుతో పూడ్చి, కొన్ని అడుగుల దూరంలో కొత్తది వేయించాం. యాభై అడుగులు దాటింది, డెబ్భై దాటింది, పొడే వచ్చింది. తొంభై దాటాక గానీ నీరు తగల్లేదు. ఆయన భార్య గట్టు మీద నిలబడి అంతా చూసింది. మిషను ఆగాక దగ్గరికి వచ్చింది.

"గా పాతది ఎప్పుడు పలిగింది సారూ?"

"వానకాలంలనే అక్కా."

"అంటే నీకు ముందుగాలనే ఎర్క," అన్నది. తిట్టలేదు, ఏడవలేదు. ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ కొత్త పైపు కొలవడానికి వెళ్లాను. నా సైకిలు చప్పుడుకు ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఇప్పుడా పైపుల్లో చిన్న యంత్రం వేలాడదీస్తున్నారట. అదే కొలిచి, అదే అంకెలు పంపుతుందట, నెలనెలా ఎవరూ పోనక్కర్లేదట. మంచిదే. అయితే గట్టు మీద నిలబడి నీళ్లెంతున్నయని అడిగే రైతు కళ్లలోకి చూసి, నాకు తెలియదన్నా అని చెప్పగలిగే మనిషి కూడా ఇక అక్కడ ఉండడు. ఆ మాట చెప్పే అవకాశం నాకు ఒక్కసారి వచ్చింది.